మూసీ ఒడ్డు సాగును ఏడాది లెక్కన చూడండి: సాగుదారు కుటుంబాల వినతిపత్రం

గౌరవనీయులైన హైదరాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,
గౌరవనీయులైన మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

ప్రతులు: రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల కలెక్టర్లు, జీహెచ్‌ఎంసీ కమిషనర్, జలమండలి మేనేజింగ్ డైరెక్టర్, వ్యవసాయ, ఉద్యాన శాఖల సంచాలకులు.

విషయం: మూసీ ఒడ్డున పచ్చిగడ్డి, ఆకుకూరలు పండించి పాతబస్తీకి సరఫరా చేస్తున్న చిన్న సాగుదారులను, కౌలుదారులను, గడ్డి కోత కూలీలను గుర్తించి, నదీ తీర అభివృద్ధి పనుల్లో వారికి రావలసినవి నిర్ణయించాలని మనవి.

అయ్యా,

చాదర్‌ఘాట్ దిగువ నుంచి మూసారాంబాగ్, అంబర్‌పేట, రామంతాపూర్, నాగోల్ మీదుగా పీర్జాదిగూడ దాకా నది ఒడ్డు మళ్ళలో సాగు చేసుకుంటున్న కుటుంబాలం మేము. మాలో కొందరం పాతబస్తీలోనే ఉంటాము. మిగతావారి ఇళ్ళు ఎక్కడున్నా సరుకు మాత్రం పాతబస్తీకే చేరుతుంది. గడ్డి తబేలాలకు, ఆకుకూర మీరాలం మండీకి, మాదన్నపేట మండీకి పోతుంది. మాలో పట్టాదారులు కొద్దిమంది. ఎక్కువమందిమి నోటిమాట కౌలు మీద పది గుంటలో, ఇరవై గుంటలో, మహా అయితే ఎకరమో చేసుకునేవాళ్ళం. సొంత మడి, కౌలు మడి ఏదీ లేక మోపుకింత అని గడ్డి కోసి బతికే కుటుంబాలు కూడా ఈ వినతిలో మాతో ఉన్నాయి.

నది బాగుపడాలని ఈ నగరంలో అందరికంటే ముందు కోరుకునేది మేమే. రోజూ మోకాలి లోతు ఆ నీటిలో నిలబడేది మేమే కనుక ఈ మాట నమ్మమని అడుగుతున్నాము. ఏ పనినీ ఆపమని మేము అడగడం లేదు. పని మొదలయ్యే ముందు మా సాగు ప్రభుత్వ లెక్కలోకి రావాలని, ఆ లెక్క ఒక్కరోజు చూపుతో కాక ఏడాది పొడవునా తీయాలని అడుగుతున్నాము. ఏడాది లెక్క ఎందుకో చెప్పాలంటే మా ఇళ్ళలో ఏడాది ఎలా గడుస్తుందో చెప్పాలి. అది కొంచెం వివరంగానే చెబుతున్నాము. దయచేసి చదవగలరు.

ముందుగా నీటి సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నది నీరు అక్కడ ఆగి నగరానికి తాగునీరైంది. తర్వాత మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు కూడా నగరానికి వచ్చాయి. ఇంటింటా వాడి వదిలిన ఆ నీరంతా చివరకు చేరేది మూసీలోకే. వానాకాలం పోయాక మా మళ్ళకు అందుతున్నది అదే. ఎండాకాలంలోనూ ఎండిపోకపోవడం దాని మేలు. దానిలో ఏముందో మాకు ఎవరూ చెప్పకపోవడం దాని కీడు.

ఉగాదికి మా ఏడు మొదలవుతుంది. కౌలు మాట ఆరోజే ఖాయమవుతుంది. కాగితం ఉండదు, నలుగురి ముందు చెప్పుకున్న మాటే. చైత్ర, వైశాఖాల్లో చుట్టుపక్కల మండలాల్లో మేత ఎండిపోతుంది. అప్పుడు పాతబస్తీ తబేలాల్లోని బర్రెలకు పచ్చి మేత మా పారా గడ్డే. నీరు నిలిచే నేలలో బతికే గడ్డి ఇది. ఒకసారి కాడలు నాటితే ఏళ్ళ తరబడి మోడు నుంచే చిగురిస్తుంది. ఎండల్లో నెల తిరిగేసరికి మళ్ళీ కోతకు వస్తుంది. తెల్లవారకముందే మగవాళ్ళు కొడవళ్ళతో మడిలో దిగుతారు. పొద్దెక్కేలోగా మోపులు కట్టి ట్రాలీ ఆటోకు ఎత్తాలి, ఎండ తగిలితే గడ్డి వాడుతుంది, వాడిన మోపుకు ధర ఉండదు. ఏడాదిలో మా అప్పు కాస్త తగ్గేది ఈ ఎండాకాలంలోనే. అదే కాలంలో ఆకుకూర మాత్రం మొండికేస్తుంది. కొత్తిమీర విత్తనం ఎండకు సరిగా మొలవదు. మొలిచిన మడి మీద చీరలు, గోనెలు కప్పి కాపాడుకుంటాము.

రోహిణి పోయి మృగశిర రాగానే పని మారుతుంది. తోటకూర, గోంగూర, పాలకూర వేస్తాము. ఆషాఢంలో బంతి నారు పోస్తాము, అది దసరాకు, బతుకమ్మకు, దీపావళికి అందాలి. వాన ఎక్కువైతే ఆకు కుళ్ళుతుంది. నది ఒడ్డు దాటితే మడి మీద చెత్త, ప్లాస్టిక్, గాజు పెంకులు పరుచుకుంటాయి. నీరు దిగాక వాటిని ఏరడం ఆడవాళ్ళ పని, పిల్లల పని. గాజు గుచ్చుకోని కాలు మా ఇళ్ళలో లేదు. హస్త, చిత్త కార్తెల్లో నది పొంగుతుందేమోనన్న భయం పెద్దల నోట ఇప్పటికీ వింటుంటాము. 2020 అక్టోబరులో ఆ భయమే నిజమైంది. 2025 సెప్టెంబరు చివరిలో ఎగువ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీరు వచ్చింది. దాని దిగువన ఉన్న మళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దీపావళి తర్వాత సదర్ వస్తుంది. యాదవ సోదరులు దున్నలను అలంకరించి ఊరేగిస్తారు. ఆ వారం మేతకు గిరాకీ బాగుంటుంది. కార్తీకం దాటాక చలికి గడ్డి ఎదుగుదల మందగిస్తుంది, కోతకూ కోతకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆకుకూర అందుకు విరుద్ధం. మార్గశిరం, పుష్యం వచ్చేసరికి ఎక్కడ చూసినా కొత్తిమీర, మెంతి, పాలకూర విరగపండుతాయి. పంట బాగుంటుంది, ధర ఉండదు. కట్ట కట్టిన కూలి, ఆటో కిరాయి పోను చేతిలో ఏమీ మిగలని తెల్లవారుజాములు ఆ రెండు నెలల్లోనే ఎక్కువ. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి మా ఆదాయం రాసుకుంటే మేము దాదాపు ఏమీ సంపాదించనివారిగా లెక్కకు వస్తాము. వైశాఖంలో వచ్చి గడ్డి మోపులు లెక్కపెడితే బాగా ఉన్నవాళ్ళలా కనిపిస్తాము. రెండూ నిజమే, కానీ ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు.

మా ఏడాదిలో మరో లెక్క కూడా ఉంది. దాన్ని పాతబస్తీ మాకు నేర్పింది. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఆ నెలంతా హలీం బట్టీలకు, బిర్యానీ హండీలకు, ఇళ్ళలో ఇఫ్తార్‌కు పుదీనా, కొత్తిమీర ఎంత తెచ్చినా చాలదు. కొత్తిమీర చేతికి రావడానికి ముప్పైఐదు నుంచి నలభై రోజులు పడుతుంది. అందుకే వానలకు కార్తెలు చూసే మా పెద్దలు కొత్తిమీర వేయడానికి నెలవంక చూస్తారు. రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల మొదట్లో ధనియాలు కాలి కింద నలిపి రెండుగా చేసి చల్లితే రంజాన్‌లో కట్ట అందుతుంది. చలిలో రంజాన్ పడితే ఒక తీరు, ఎండల్లో పడితే ఇంకో తీరు. ఇరవై గుంటల మడిలో రెండు క్యాలెండర్లు నడిపే ఈ నేర్పు ఏ పట్టాలోనూ రాసి ఉండదు. మరో చోట మూడంతస్తుల మీద గది ఇచ్చినంత మాత్రాన అది మాతో రాదు.

ఇంటి పని కూడా ఈ సాగులో భాగమే. సాయంత్రం మడి నుంచి ఆకు రాగానే అత్తా కోడళ్ళు, పిల్లలు కూర్చుని కట్టలు కడతారు. వేరు కడగడం, పండాకు తీయడం, తడిగోనెలో చుట్టడం ఇంట్లోనే జరుగుతాయి. రాత్రి మూడింటికి ఆడవాళ్ళు మండీకి బయలుదేరతారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా చిన్నపిల్లల్ని చూసేది ముసలివాళ్ళు, లేదా బడి మాని ఇంట్లో ఉండిపోయిన పెద్దపిల్ల. ప్రభుత్వ పత్రాల్లో సాగుదారు గడిలో మగవాడి పేరు ఒక్కటే రాస్తే ఈ పనిలో సగానికి పైగా లెక్కలోకి రాదు.

ఇక ప్రస్తుత పరిస్థితి. 2024 సెప్టెంబరులో నదీగర్భంలోని కట్టడాలను గుర్తించి, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీల కుటుంబాలలో కొన్నింటిని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. ఆ లెక్క కట్టడాలది. ఇంటి గోడ మీద గుర్తు వేయవచ్చు, గడ్డి మడికి గోడ ఉండదు. ఇల్లు పోయినవారికి ఇల్లు ఇవ్వాలన్న విధానాన్ని మేము గౌరవిస్తాము. కానీ మడి పోయినవారికి ఏమివ్వాలో ఇప్పటివరకు మాకు ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. మమ్మల్ని ఆక్రమణదారులన్న మాట కూడా అక్కడక్కడ వినిపిస్తోంది. పట్టా భూమికి ఏటా కౌలు చెల్లించి సాగు చేసేవాడు ఆక్రమణదారు కాడు. ప్రభుత్వ భూమి అంచున చాలాకాలంగా గడ్డి పెంచుకుంటున్నవారి విషయం వేరుగా, ఓపికగా విచారించవలసినది. రెంటినీ ఒకే మాటతో తోసివేయవద్దని మనవి.

పై వివరాల ఆధారంగా మా కోర్కెలు ఇవి.

1. సాగుదారుల గణన ఒక్కరోజు సర్వేతో కాక వానాకాలం, యాసంగి, ఎండాకాలం మూడింటిలోనూ జరగాలి. వ్యవసాయ, ఉద్యాన, రెవెన్యూ శాఖల సిబ్బంది కలిసి మడిమడికీ వచ్చి పంట, నీటి వసతి, సాగుదారు, పనివారి వివరాలు రాయాలి. పట్టాదారు, కౌలుదారు, గడ్డి కోత కూలీ అని మూడు వరుసలు ఉండాలి. సాగుదారు గడిలో భార్యాభర్తలిద్దరి పేర్లు ఉండాలి. కౌలు కాగితం లేనిచోట పక్క మడివారి వాంగ్మూలం, తబేలా యజమాని గడ్డి ఖాతా, మండీ చీటీ, ఆటో కిరాయి లెక్క వంటివి సాక్ష్యంగా తీసుకోవాలి. పహాణీలో ఒకప్పుడు అనుభవదారు గడి ఉండేది, ధరణి వచ్చాక అది పోయింది. అది లేకపోవడం వల్లే నేలను దున్నే మనిషికి రాతలో చోటు లేకుండా పోయింది. ఆ లోటును ఈ గణన తీర్చాలి. తయారైన జాబితాను తెలుగులోనూ ఉర్దూలోనూ బస్తీల్లో అంటించి, అభ్యంతరాలకు నెల రోజుల గడువు ఇవ్వాలి. మిగిలిన కోర్కెలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక దీన్ని మొదట పరిష్కరించాలని ప్రత్యేకంగా కోరుతున్నాము.

2. గణన పూర్తయి జాబితా ఖరారయ్యేవరకు పంట ఉన్న మడిలోకి యంత్రాలు దించరాదు. తప్పనిసరి పని ఉంటే కనీసం ఒక కోత కాలం ముందుగా, అంటే నలభై ఐదు రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆకుకూరకు ఆ గడువు చాలు, వేసిన పంట తీసుకుని ఖాళీ చేయగలము. గడ్డి విషయం వేరు. దాని విలువ పైన కనిపించే కోతలో లేదు, నేలలోని మోడులో ఉంది. మోడు తవ్వేస్తే పోయేది ఒక కోత కాదు, ఏళ్ళ ఆదాయం. నష్టం లెక్కించేటప్పుడు పారా గడ్డిని బహువార్షిక పంటగా పరిగణించాలి.

3. 2013 భూసేకరణ, పునరావాస చట్టం "బాధిత కుటుంబం" అన్నదాన్ని యజమానితో ఆపలేదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో పని చేస్తూ దానిమీదే ప్రధానంగా ఆధారపడిన వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, పాలుకు చేసేవారిని అందులో చేర్చింది. భూమి ఏ పద్ధతిలో తీసుకున్నా, ప్రభుత్వ భూమి అయినా, మా జాబితాలోని కుటుంబాలకు అదే కొలమానం వర్తింపజేయాలి. ఆ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ఉద్యోగం గాని, ఒకేసారి 5 లక్షల రూపాయలు గాని, ఇరవై ఏళ్ళపాటు నెలకు 2,000 రూపాయలకు తగ్గకుండా, ధరలతో పాటు పెరిగే భృతి గాని కోరుకునే అవకాశం కుటుంబానికి ఉండాలి. సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చే వీలు రాష్ట్ర సవరణలో ఉందని మాకు తెలుసు. ఆ వీలును ఇక్కడ వాడవద్దని మనవి. అంచనా వేస్తే తేలే విషయాలు ప్రభుత్వానికి కూడా ఉపయోగపడేవే.

4. డబ్బు కంటే సాగు కొనసాగడమే మాలో ఎక్కువమంది కోరుకుంటున్నారు. అందుకే నదీ తీర ప్రణాళికలో కొంత భాగాన్ని సాగు మేఖలగా ఉంచాలని కోరుతున్నాము. వరద వచ్చే చోట భవనం కట్టరాదన్నది అందరూ ఒప్పుకున్న మాట. గడ్డి మడి వరదకు అడ్డు కాదు, నీరు దాని మీదుగా పోయి దిగుతుంది. కోల్‌కతా తూర్పున నగర మురుగునీటితో చేపలు, కూరగాయలు పెంచే సుమారు 12,500 హెక్టార్ల చిత్తడి నేలలను 2002లో రామ్‌సర్ ప్రాంతంగా గుర్తించారు. 2006లో వాటికోసం ప్రత్యేక చట్టమే తెచ్చారు. ఆ స్థాయి మా దగ్గర లేదు, కానీ దారి అదే. మురుగును సంపదగా మార్చే సాగును నగరం తన భాగంగా ఉంచుకోవచ్చని అక్కడ రుజువైంది. స్థలం మార్చక తప్పదంటే నీటి వసతి ఉన్న భూమినే, పాతబస్తీ మండీలకు తెల్లవారేలోగా చేరగల దూరంలో, కుటుంబాల సమ్మతితో చూపించాలి.

5. నీటి విషయంలో మా కోరిక సూటిగా ఉంది. అంబర్‌పేట, నాగోల్ శుద్ధి కేంద్రాల నుంచి విడుదలయ్యే నీటిని దిగువన ఉన్న కత్వలు, కాలువల ద్వారా ముందుగా సాగుకు ఇవ్వాలి. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే పారిశ్రామిక జలాలను 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేటకు వెళ్ళే మురుగు ప్రవాహంలో కలిపే ఏర్పాటు జరిగిందన్న విషయం బహిరంగమే. ఇళ్ళ మురుగును శుద్ధి చేసే కేంద్రం రసాయనాలను ఎంతవరకు తీయగలదన్న ప్రశ్నకు జవాబు పొందే హక్కు ఆ నీటితో పంట పండించేవారికి, ఆ పంట తినేవారికి ఉంది. అందువల్ల మూడు నెలలకు ఒకసారి నీరు, మన్ను, గడ్డి, ఆకుకూర, పాల నమూనాలను పరీక్షించాలి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. ఇంత దగ్గరలో ఇన్ని సంస్థలున్న నదీతీరం అరుదు. ఫలితాలను కాలువ మొదట్లో బోర్డుల మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించాలి.

ఈ పరీక్షలు మేమే అడగడం మాకు నష్టం కాదా అని కొందరు మమ్మల్ని అడిగారు. ఏ మడిలో సీసమో, కాడ్మియమో ఎక్కువ ఉందని తేలితే అక్కడ ఆకుకూర మానేస్తాము. బంతి వంటి పూల పంట వేసుకునేందుకు నారు, రెండు పంటల కాలానికి భృతి ఇప్పించండి. మా సరుకు తినేది పాతబస్తీ పిల్లలు, మా పిల్లలు. దాచి అమ్ముకునే బతుకు మాకు వద్దు. పరీక్ష చేయకుండానే మా సరుకంతా విషమని ప్రచారం చేయడం మాత్రం న్యాయం కాదు. మురుగునీటి సాగులో జాగ్రత్తల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నీటిని తేర్చి పెట్టడం, కోతకు కొన్ని రోజుల ముందు తడి ఆపడం, ఆకును మంచినీటితో కడగడం వంటివి అందులో ఉన్నాయి. ఇవి మేము చేయగలిగినవే. కడగడానికి మడి దగ్గర మంచినీటి కుళాయి కావాలి, ఆ సాయం జలమండలి చేయాలి.

6. కౌలుదారులకు 2011 అధీకృత సాగుదారుల చట్టం ప్రకారం రుణ అర్హత కార్డులు ఇవ్వాలి. నగర పరిధిలో దీనికి ఎవరిని కలవాలో తెలియక తిరుగుతున్నాము. ఒక అధికారిని నియమించి వారంలో ఒక రోజు కేటాయిస్తే చాలు. రైతుబీమా పట్టాదారుకే వర్తిస్తుంది. మడిలో పాముకాటుకో, వరదకో ప్రాణం పోయేది మాత్రం కౌలుదారుది. భూమిలేని కూలీలకు ఏడాదికి 12,000 రూపాయలిచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు ఉపాధి హామీ పనిదినాలు అర్హతగా పెట్టారు. ఉపాధి హామీ పని లేని నగరంలో గడ్డి కోసే కూలీ ఆ అర్హత ఎప్పటికీ తెచ్చుకోలేడు. గణన జాబితానే అర్హతగా తీసుకుని ఈ రెండు పథకాల్లోనూ మాకు చోటు కల్పించాలని ప్రభుత్వానికి సిఫారసు చేయవలసిందిగా కోరుతున్నాము.

7. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తే ముందు ఒడ్డున ఉన్న సాగుదారులకు ఫోన్ సందేశం, మైకు ప్రకటన రెండూ ఉండాలి. ముందే తెలిస్తే గడ్డి కోసుకోవచ్చు, మోటారు పైకి తీసుకోవచ్చు. వరద తర్వాత పంట నష్టం రాయడానికి వచ్చేవారు ఆకుకూరను, గడ్డిని వదిలివేయకూడదు. 2022-26 కాలపు విపత్తు సహాయ నిధి నిబంధనల్లో 33 శాతం, అంతకు మించిన నష్టానికి నీటివసతి పంటలకు హెక్టారుకు 17,000, బహువార్షిక పంటలకు 22,500 రూపాయల చొప్పున లెక్క ఉంది. ఆ మొత్తం భూయజమాని ఖాతాకు కాక నష్టపోయిన సాగుదారు ఖాతాకు చేరాలి. మడిలో పేరుకున్న ప్లాస్టిక్, గాజు తొలగించే పని జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య విభాగం చేపట్టాలి. అది మేము పారేసిన చెత్త కాదు.

8. మీరాలం మండీ, మాదన్నపేట మండీల్లో తెల్లవారుజామున సొంత సరుకు అమ్ముకునే మహిళలకు గీత గీసిన స్థలం, దీపాలు, మరుగుదొడ్డి కావాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయ్యేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదంటోంది. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలంటోంది. ఆకుకూర గంప పెట్టుకునేవారూ ఆ లెక్కలోకి రావాలి. ఫలక్‌నుమా రైతుబజారులో కౌలుదారులకూ గుర్తింపు కార్డులివ్వాలి. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నదే ఉద్దేశం. ఆ రైతుకు పట్టా ఉందా లేదా అన్నది కొనేవారికి అవసరం లేని విషయం.

9. మడిలో దిగేవారికి మోకాలి దాకా వచ్చే బూట్లు, చేతి తొడుగులు, ఏడాదికి రెండుసార్లు వైద్య శిబిరం కావాలి. చర్మం దురదలు, గోళ్ళు పుచ్చిపోవడం, కడుపులో కొంకిపురుగు మా ఇళ్ళలో మామూలైపోయాయి, మామూలు కాకూడదు. తెల్లవారుజామున తల్లులు మండీకి వెళ్ళే బస్తీల్లో అంగన్‌వాడీలు పెందలాడే తెరిస్తే పెద్దపిల్లలు బడికి వెళ్ళగలుగుతారు.

10. ఈ విషయాలపై ఒక సంయుక్త కమిటీ వేసి, అందులో సాగుదారుల ప్రతినిధులకు చోటివ్వాలి, వారిలో సగం మంది మహిళలు ఉండాలి. ఈ వినతి అందిన ముప్పై రోజుల్లో మొదటి సమావేశం జరపాలి. ఏ కోర్కె వెంటనే సాధ్యం, దేనికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, ఏది సాధ్యం కాదు, ఎందుకు కాదు అన్నది రాతపూర్వకంగా తెలపాలి. కాదన్న జవాబైనా కారణంతో వస్తే మేము చదువుకుని, మా వాదన మళ్ళీ రాసుకుని వస్తాము. జవాబే లేకపోతే మాత్రం దేనికి బదులివ్వాలో మాకు తెలియదు.

గణనకు వచ్చే సిబ్బందికి మడులు చూపించడానికి, కౌలు వివరాలు చెప్పడానికి, నమూనాలు ఇవ్వడానికి మా కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి. యాసంగి ఆకుకూర మడుల్లో ఉండగానే మొదటి విడత మొదలుపెడితే బాగుంటుందని సూచిస్తున్నాము. ఏ మడి దగ్గరికి ఏ దారిన రావాలో చూపే చేతిరాత పటం, కుటుంబాల సంతకాలు, వేలిముద్రలు ఈ వినతికి జతచేస్తున్నాము.

ఇట్లు,
భవదీయులు,
మూసీ ఒడ్డు పచ్చిగడ్డి, ఆకుకూరల సాగుదారులు, కౌలుదారులు, గడ్డి కోత కూలీల కుటుంబాలు
హైదరాబాద్ పాతబస్తీ
(ప్రజావాణిలో సమర్పించినది)